షాక్ టవర్లు లేని బగ్గీ: రాకర్లు, మూడో స్ప్రింగుతో సస్పెన్షన్ కట్టుకోవడం ఎలా

ఆర్సీ (రిమోట్‌తో నడిపే) ఆఫ్‌రోడ్ బగ్గీ ఏది చూసినా సస్పెన్షన్ దాదాపు ఒకేలా ఉంటుంది. కింద ఒక ఆర్మ్, పైన ఒక క్యాంబర్ లింక్ (చక్రం పక్కకి ఎంత వాలాలో పట్టి ఉంచే రాడ్డు), ముందొక టవర్, వెనకొక టవర్ (షాకుల పైచివర బిగించే నిలువు పలకలు), వాటికి కాస్త వాలుగా నిలబడ్డ నాలుగు షాకులు (స్ప్రింగు, ఆయిల్ కలిసి పనిచేసేవి). దీన్ని మార్చి ఇంకేదో కట్టాలని ఉందని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఒకటే, మీ కారు ఇప్పుడు ఏ పని సరిగ్గా చెయ్యట్లేదు? దానికి ఒక వాక్యంలో జవాబు చెప్పగలిగితేనే పని మొదలుపెట్టండి. ఈ మామూలు అమరిక ఊరికే నిలబడలేదు. 1984లో వచ్చిన టీమ్ అసోసియేటెడ్ ఆర్సీ10 ఇలాంటి అమరికతోనే వచ్చింది, మరుసటి ఏడాది జరిగిన మొదటి ఇఫ్‌మార్ (ఆర్సీ కార్ల రేసుల అంతర్జాతీయ సంఘం) ఆఫ్‌రోడ్ ప్రపంచ పోటీల్లో జే హాల్సీ దాంతోనే టూ వీల్ డ్రైవ్ టైటిల్ కొట్టాడు. ఆ తర్వాత వచ్చిన రేసు బగ్గీల్లో చాలావరకు అదే దారి పట్టాయి. తేలిక, గట్టిదనం, పిట్‌లో రెండు నిమిషాల్లో షాక్ మార్చుకోగలిగే వీలు, ఈ మూడూ ఒకేచోట దొరకడం అంత సులువు కాదు.

అయినా ఈ అమరిక చెయ్యలేని పని ఒకటుంది, ఈ గైడంతా దాని కోసమే. జంప్ నుంచి కారు దిగేటప్పుడు రెండు ముందు చక్రాలూ ఒకేసారి పైకి వస్తాయి, అప్పుడు సస్పెన్షన్ గట్టిగా ఉండాలి, లేకపోతే ఛాసీ నేలకి కొట్టుకుంటుంది. మలుపులో ఒక్క చక్రం గతుకెక్కినప్పుడు మాత్రం మెత్తగా ఉండాలి, లేకపోతే టైరు ఎగిరి పట్టు పోతుంది. మామూలు అమరికలో ఒక్కో చక్రానికి ఒక్కో స్ప్రింగు, అంతే. గట్టి స్ప్రింగు వేస్తే రెండు సందర్భాల్లోనూ గట్టి, మెత్తటిది వేస్తే రెండిట్లోనూ మెత్తన. యాంటీ రోల్ బార్ (ఎడమ, కుడి ఆర్మ్‌లని కలిపే, మెలిపడే తీగ) వేస్తే కారు పక్కకి ఒరగడం తగ్గుతుంది కానీ ల్యాండింగ్‌కి అది చేసే సాయం ఏమీ లేదు, పైగా ఒక్క చక్రం ఎక్కే గతుకుని ఇంకా గట్టి చేస్తుంది. ల్యాండింగ్‌ని మాత్రమే గట్టి చేసే సాధనం మామూలు బగ్గీలో లేదు. షాకుల్ని లోపలికి తెచ్చి, రాకర్లు (ఒక పిన్ మీద తిరుగుతూ కదలిక దిశని మార్చే చిన్న మీటలు) పెట్టి, ఆ రెండు రాకర్ల మధ్య మూడో స్ప్రింగు కడితే ఆ సాధనం వస్తుంది. సెంటర్ ఆఫ్ గ్రావిటీ కిందికి దిగుతుందనే మాట చాలామంది చెబుతారు, అది కొంత నిజమే, కానీ రాకర్లు, బేరింగులు, వాటి బ్రాకెట్ల బరువు కలిపితే ఆ లాభం చాలావరకు కరిగిపోతుంది. నా లెక్కలో ఇంత కష్టానికి తగ్గ ఫలితం ఇచ్చేది మూడో స్ప్రింగే.

ముందువాళ్లు చేసినవి ఓసారి చూడండి

ఒక్కో వింత డిజైన్ ఒక్కో సమస్య కోసం పుట్టింది, అది తెలిస్తే మీకేది కావాలో తేలుతుంది. 1979 నాటి తమియా శాండ్ స్కార్చర్ ముందు వైపు ట్రెయిలింగ్ ఆర్మ్‌లతో వచ్చింది, పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ పద్ధతి అది. దెబ్బ తగిలినప్పుడు చక్రం పైకే కాకుండా కాస్త వెనక్కి కూడా వెళ్లేలా పెట్టుకోవచ్చు కాబట్టి గుచ్చుకునే గతుకులకి బావుంటుంది, కానీ కారు ఎంత ఒరిగితే టైరూ అంతే ఒరుగుతుంది, మలుపులో అది పెద్ద లోటు. 1984 నాటి హార్నెట్‌కి వెనక రిజిడ్ యాక్సిల్, మోటార్, గేర్‌బాక్స్ కూడా చక్రాలతో పాటే పైకీ కిందికీ ఊగుతాయి. సరదాగా నడపడానికి గట్టి కారు, కానీ చక్రంతో పాటు అంత బరువు ఊగుతుంటే గతుకుల్లో టైరు నేలని వదిలేస్తుంది. 1985లో వచ్చిన హాట్‌షాట్ ముందొక షాక్, వెనకొక షాక్‌తో వచ్చింది. ఇలా రెండు చక్రాలకీ ఒకే షాక్ ఉండే మోనోషాక్ గురించి కింద విడిగా మాట్లాడతాను, దాని గుణమూ దోషమూ రెండూ ఈ పనికి అవసరం.

1988లో రెండొచ్చాయి. లోసీ జేఆర్ఎక్స్2 వెనక వైపు ఐదు లింకుల అమరికతో, తమియా అవాంటే మల్టీలింక్ అమరికతో. లింకుల సంఖ్య పెరిగితే టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), క్యాంబర్ (చక్రం పక్కకి వాలే కోణం) ఎలా మారాలో విడివిడిగా నిర్ణయించుకోవచ్చు, అది నిజంగా గొప్ప స్వేచ్ఛ. అయితే లింకుకి రెండు బాల్ జాయింట్లు, జాయింటుకి కొంచెం ప్లే (వదులు), అన్నీ కలిసి చక్రం దగ్గర కనబడతాయి. ఇక పుష్‌రాడ్ (ఆర్మ్ కదలికని రాకర్‌కి చేర్చే రాడ్డు), రాకర్ల దారిలో 2004 నాటి ట్రాక్సాస్ రెవో అందరికీ తెలిసిన ఉదాహరణ, అది మాన్‌స్టర్ ట్రక్ అనుకోండి. బగ్గీల్లో తమియా టీడీ4 ఛాసీ షాకుల్ని లోపల పడుకోబెట్టింది. వీటి ఫొటోలు దొరికినన్ని చూడండి, ముఖ్యంగా రాకర్‌ని ఎన్ని వైపుల నుంచి పట్టుకున్నారో గమనించండి.

ఏ చివర మొదలుపెట్టాలి

ముందు వైపు. వెనక డ్రైవ్‌షాఫ్ట్‌లు, గేర్‌బాక్స్, వింగ్ మౌంట్ అన్నీ అడ్డమే. ముందు వైపు సర్వో (స్టీరింగ్ తిప్పే మోటార్) ఒక్కటి తప్పించుకుంటే చాలు. పైగా ముక్కు నేలకి కొట్టుకోవడమే చాలా కార్లకి మొదటి ఫిర్యాదు. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు కూడా డిఫ్ (డిఫరెన్షియల్) ఉంటుంది కాబట్టి మొదటిసారికి టూ వీల్ డ్రైవ్ కారే తీసుకోండి. కారు వెడల్పు మాత్రం మర్చిపోకండి, పదో వంతు స్కేలు బగ్గీకి ఇఫ్‌మార్ పరిమితి 250 మి.మీ., ఆర్మ్‌లు, చక్రాలు పాతవే వాడితే ఈ తలనొప్పి రాదు. నా సలహా కూడా అదే: ఆర్మ్, హబ్, క్యాంబర్ లింక్, స్టీరింగ్ ఏదీ ముట్టుకోవద్దు. చక్రం ఎలా కదలాలో అవి ఇప్పటికే చక్కగా నిర్ణయించాయి. మీరు మార్చేది ఆ కదలికని స్ప్రింగుకి చేరవేసే దారిని మాత్రమే.

లెక్క: మోషన్ రేషియో

ఇక్కడ తొందరపడొద్దు, మిగతా అంతా దీని మీదే నిలబడుతుంది. చక్రం 1 మి.మీ. పైకి వస్తే షాక్ ఎన్ని మి.మీ. నొక్కుకుంటుందో అదే మోషన్ రేషియో. చక్రం దగ్గర తెలిసే గట్టిదనం స్ప్రింగు గట్టిదనాన్ని ఈ రేషియో వర్గంతో గుణిస్తే వస్తుంది. రేషియో 0.5 అయితే చక్రానికి తెలిసేది స్ప్రింగులో నాలుగో వంతే. ఆయిల్ వల్ల వచ్చే డ్యాంపింగ్‌కీ (ఊగుడుని అణిచే అడ్డు) ఇదే వర్గం లెక్క వర్తిస్తుంది, చాలామంది స్ప్రింగు మార్చి ఆయిల్ మర్చిపోతారు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. లోపలి హింజ్ పిన్ (ఆర్మ్ ఊగే ఇరుసు) నుంచి టైరు మధ్యకి 85 మి.మీ. పుష్‌రాడ్‌ని ఆర్మ్ మీద పిన్ నుంచి 50 మి.మీ. దూరంలో బిగించారు. 50ని 85తో భాగిస్తే 0.59. పుష్‌రాడ్ ఆర్మ్‌తో 60 డిగ్రీల కోణంలో నిలబడింది, సైన్ 60 అంటే 0.87, రెండూ గుణిస్తే 0.51. అంటే చక్రం మొత్తం 30 మి.మీ. కదిలితే పుష్‌రాడ్ 15 మి.మీ. పైచిలుకు కదులుతుంది.

ఇప్పుడు రాకర్. షాక్ బాగా కదలాలన్న ఆశతో రాకర్‌కి పుష్‌రాడ్ వైపు 10 మి.మీ., షాక్ వైపు 14 మి.మీ. చేతులు పెట్టారనుకోండి, కాగితం మీద రేషియో 0.71 వస్తుంది, చూడ్డానికి బ్రహ్మాండం. కానీ 10 మి.మీ. చెయ్యి చివర 15 మి.మీ. కదలాలంటే రాకర్ 100 డిగ్రీల దాకా తిరగాలి, అంత తిరిగితే చివర్లలో పుష్‌రాడ్, రాకర్ ఒకే గీతలోకి వచ్చి పట్టేస్తాయి. రాకర్ మొత్తం తిరుగుడు 60 డిగ్రీల దగ్గర ఉంచండి. దానికి పుష్‌రాడ్ వైపు చెయ్యి 15 మి.మీ. కావాలి. షాక్ వైపు 18 పెడితే 18ని 15తో భాగిస్తే 1.2, దాన్ని 0.51తో గుణిస్తే 0.61. షాక్ స్ట్రోక్ 18 మి.మీ. అవుతుంది, మామూలు ముందు షాకుతో సరిపెట్టుకోవచ్చు.

మరీ తక్కువ రేషియో వైపు పోకండి. షాక్ వైపు చెయ్యి 10, పుష్‌రాడ్ వైపు 14 అని తిరగేస్తే రేషియో 0.36కి పడిపోతుంది. గట్టి స్ప్రింగు వేసి లెక్క సరిచేసుకోవచ్చు కదా అనిపిస్తుంది, అసలు ఇబ్బంది అక్కడ కాదు. షాక్ దగ్గర 0.3 మి.మీ. ప్లే ఉంటే చక్రం దగ్గర అది 0.8 మి.మీ. పైనే అవుతుంది, ఆ మేరకు చక్రం డ్యాంపింగే లేకుండా ఊగుతుంది. చిన్న గతుకులన్నీ ఆ ఖాళీలోనే పోతాయి, కారు ఎందుకు దడదడలాడుతోందో అర్థం కాక ఆయిల్ మీద ఆయిల్ మారుస్తూ కూర్చుంటారు.

గట్టిదనం కదలికతో పాటు పెరగాలా, ఒకేలా ఉండాలా అన్నది రాకర్ కోణాలతో తేలుతుంది. షాక్‌కీ దాని చెయ్యికీ మధ్య కోణం 90 డిగ్రీలున్నప్పుడు ఆ చెయ్యి పూర్తి పొడవు పనిచేస్తుంది, కోణం తప్పేకొద్దీ పని చేసే పొడవు తగ్గుతుంది. కాబట్టి కారు మామూలు ఎత్తులో నిలబడ్డప్పుడు పుష్‌రాడ్ వైపు 90 దగ్గర, షాక్ వైపు 50 దగ్గర పెట్టి, సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకునేసరికి షాక్ వైపు 90కి చేరేలా చూస్తే కిందికి పోయేకొద్దీ గట్టిబడుతుంది. పెద్ద జంపులున్న మట్టి ట్రాక్‌కి ఇది బావుంటుంది. కార్పెట్, ఆస్ట్రోటర్ఫ్ లాంటి నున్నటి ట్రాక్‌కి అవసరం లేదు, రెండు వైపులా కోణాలు ఒకేలా ఉంచితే కారు ఏం చేస్తుందో ముందే ఊహించడం తేలిక. మూడో స్ప్రింగు పెడుతున్నప్పుడు ఈ పెరుగుదలని మరీ ఎక్కువ పెట్టకండి, ఎందుకంటే ఒక్క చక్రం ఎక్కే గతుక్కి కూడా అది గట్టిబడుతుంది, మనం తప్పించుకోవాలనుకున్నది సరిగ్గా దాన్నే.

ఇంకొక్క విషయం, ముందు వైపు మాత్రమే వచ్చేది. టూ వీల్ డ్రైవ్ బగ్గీలకి ముందు హింజ్ పిన్‌లు వెనక్కి వాలి ఉంటాయి, కిక్‌అప్ అంటాం, సాధారణంగా 20 నుంచి 30 డిగ్రీలు. 25 డిగ్రీలుంటే చక్రం 10 మి.మీ. పైకి వచ్చేలోపు దాదాపు 4.7 మి.మీ. వెనక్కి పోతుంది. ట్రెయిలింగ్ ఆర్మ్ ఇచ్చే లాభంలో కొంత మీ కారులో ఇప్పటికే ఉందన్నమాట. దీనివల్ల ఆర్మ్ ఊగే తలం నిలువుగా ఉండదు, 25 డిగ్రీలు వాలి ఉంటుంది. రాకర్‌ని నిలువుగా బిగిస్తే పుష్‌రాడ్ ప్రతి కదలికలోనూ పక్కకి లాగుతుంది, బాల్ కప్పులు త్వరగా అరిగిపోతాయి. రాకర్ బ్రాకెట్‌ని కూడా అదే 25 డిగ్రీలు వాల్చండి. పుష్‌రాడ్, రాకర్, షాక్ మూడూ ఒకే తలంలో ఉండాలి.

మూడో స్ప్రింగు

రాకర్‌కి మూడో చెయ్యి పెడతాం, 12 మి.మీ. పొడవు అనుకుందాం. రెండు రాకర్ల మూడో చేతులూ ఒకదాన్నొకటి చూస్తుంటాయి, మధ్యలో అడ్డంగా ఒక జారే రాడ్డు, దాని మీద స్ప్రింగు. ఆయిల్ లేని చిన్న షాక్ బాడీని దీనికి వాడుకోవచ్చు. రెండు చక్రాలూ కలిసి పైకి వస్తే రెండు చేతులూ దగ్గరవుతాయి, స్ప్రింగు నొక్కుకుంటుంది. కారు ఒరిగితే ఒక చెయ్యి లోపలికి, ఇంకోటి బయటికి పోతుంది, మధ్య దూరం మారదు, స్ప్రింగుకి ఏమీ తెలియదు.

దీన్ని మొదటి మి.మీ. నుంచే పనిచెయ్యనివ్వకండి, కొంత ఖాళీ వదలండి. మొత్తం 30లో 10 మి.మీ. డ్రూప్‌కి (మామూలు ఎత్తు నుంచి చక్రం కిందికి దిగే కదలిక) పోతే పైకి 20 మి.మీ. మిగిలింది. అందులో సగం దాటాక స్ప్రింగు తగలాలి. 30 మి.మీ.కి ఒక్కో చెయ్యి దాదాపు 12 మి.మీ. కదులుతుంది, కాబట్టి 10 మి.మీ.కి 4, రెండు వైపులా కలిపి 8. అంటే కారు మామూలు ఎత్తులో ఉన్నప్పుడు 8 మి.మీ. ఖాళీ. తర్వాతి 10 మి.మీ.లో ఇంకో 8 మి.మీ. దగ్గరవుతాయి, ఆ 8 నొక్కుకునేలోపు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగలకూడదు. ఇప్పుడు ఒక్క చక్రమే పూర్తిగా 20 మి.మీ. ఎక్కిందనుకోండి, ఒక్క చెయ్యే కదులుతుంది, సరిగ్గా 8 మి.మీ. స్ప్రింగు అప్పుడే తగులుతుంది, నొక్కుకోదు. ఒక్క చక్రానికి మొత్తం కదలిక మెత్తగానే దొరికింది, రెండూ కలిసి దిగితే సగం నుంచి అడ్డుపడింది. పక్క షాకులకి మీరు ఇప్పుడు వాడే దానికన్నా మెత్తటి స్ప్రింగు వేసే ధైర్యం దీనితో వస్తుంది.

ఆ పక్క షాకుల్ని కూడా తీసేసి మధ్యలో ఒక్క షాక్‌తోనే సరిపెడదామని కొందరికి అనిపిస్తుంది, బరువు తగ్గుతుంది, చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది. షాక్‌ని రెండు రాకర్ల మధ్యే కడితే కారు ఒరగడాన్ని ఆపేది ఏదీ ఉండదు. యాంటీ రోల్ బార్ పెట్టి స్ప్రింగు కొరత తీర్చొచ్చు, డ్యాంపింగ్ కొరత మాత్రం తీరదు, బార్‌లో ఆయిల్ లేదు కదా. ఎడమ నుంచి కుడికి గబుక్కున తిప్పినప్పుడు కారు ఉయ్యాలలా ఊగి ఆగుతుంది. నిదానమైన పెద్ద మలుపుల ట్రాక్‌లో ఓర్చుకోవచ్చేమో, రేసుకి నేను సిఫారసు చెయ్యను. రెండు పక్క షాకులు, మధ్యలో మూడో స్ప్రింగు, ఇదే దారి.

ముందు అట్ట, తర్వాత ప్లాస్టిక్, ఆఖర్న కార్బన్

క్యాడ్ వచ్చినా సరే ముందు అట్టముక్కలతో అసలు సైజులో నమూనా చెయ్యండి. ఆర్మ్, పుష్‌రాడ్, రాకర్, షాక్ ఒక్కోటి ఒక్కో అట్టపట్టీ, కీళ్ల దగ్గర డ్రాయింగ్ పిన్ గుచ్చి ఒక బోర్డు మీద బిగించండి. చక్రం చివర పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే ఏది దేనికి తగులుతుందో, రాకర్ ఎక్కడ పట్టేస్తుందో చేతికే తెలుస్తుంది. స్క్రీన్ మీద గంటసేపు చూసినా తట్టని సంగతి ఇక్కడ అర నిమిషంలో దొరుకుతుంది. రెండు షాకులూ అడ్డంగా పడుకోవాలి కాబట్టి ఒకటి ముందు, ఒకటి దాని వెనక, ఒక్కోటి ఎదుటి వైపుకి బిగించాలి, చోటు చాలుతుందో లేదో ఇప్పుడే చూసుకోండి. బాడీ షెల్ కూడా పైన పెట్టి చూడండి, టవర్ తీసేస్తే బాడీ పోస్టులకి వేరే ఆధారం వెతకాలి.

తర్వాత త్రీడీ ప్రింట్. కొలతలు సరిచూసుకోవడానికి పీఎల్ఏ (మామూలు ప్రింటింగ్ ప్లాస్టిక్) చాలు, నడపడానికి మాత్రం వద్దు, ఎండకి మెత్తబడుతుంది, దెబ్బకి పుటుక్కుమంటుంది. నడిపి చూడ్డానికి నైలాన్. కొలతలు ఖాయమయ్యాక రాకర్‌ని 3 మి.మీ. కార్బన్ ప్లేటుతోనో అల్యూమినియంతోనో కోయించుకోండి.

రాకర్‌ని నేరుగా ఎం3 స్క్రూ మీద తిప్పకండి. స్క్రూ మరలే ఆకురాయిలా పనిచేసి రంధ్రాన్ని పెద్దది చేసేస్తాయి. ఒక్కో రాకర్‌కి రెండు బేరింగులు, 3×6 సైజువి సరిపోతాయి, వాటిలోంచి మరలు లేని నున్నటి పిన్. ఆ పిన్‌కి రెండు చివర్లా ఆధారం ఉండాలి. ఒకవైపు మాత్రమే పట్టుకున్న పిన్ మొదటి గట్టి ల్యాండింగ్‌లోనే వంగుతుంది. పై లెక్క ప్రకారం చక్రం మీద పడ్డ బలం పుష్‌రాడ్‌లో దాదాపు రెట్టింపు అవుతుంది, అదంతా వచ్చి పడేది ఈ పిన్ మీదే. అందుకే రెండు బ్రాకెట్లనీ పైన ఒక ప్లేటుతో కలిపేయండి, విడిగా నిలబడనివ్వద్దు.

పుష్‌రాడ్‌కి టర్న్‌బకుల్ వాడండి, ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర ఉండేది. రైడ్ హైట్‌ని స్ప్రింగు ముట్టుకోకుండా దాన్ని తిప్పి సరిచేసుకోవచ్చు, ఇది మామూలు బగ్గీలో లేని సుఖం. చివర్లలో ప్లాస్టిక్ బాల్ కప్పులే పెట్టండి, పెద్ద దెబ్బ తగిలితే కప్ ఊడిరావాలి తప్ప రాకర్ విరక్కూడదు. ఊడిన కప్పుని చేత్తో నొక్కి మళ్లీ పరుగెత్తొచ్చు.

సస్పెన్షన్ కదలికకి హద్దులు రాకర్ దగ్గర పెట్టకండి. పైకి వచ్చే హద్దు ఆర్మ్ దగ్గరే, ఆర్మ్ వెళ్లి ఛాసీకో బల్క్‌హెడ్‌కో ఆనాలి. డ్రూప్ హద్దు కూడా ఆర్మ్‌లో చిన్న స్క్రూ పెట్టి ఛాసీకి ఆనేలా చేసుకోండి. అప్పుడు రాకర్, పుష్‌రాడ్‌ల మీద స్ప్రింగు, ఆయిల్ బలం మాత్రమే పడుతుంది.

షాకులు పడుకుంటాయి కాబట్టి లోపల గాలి ఎటు పోతుందో ఆలోచించాలి. గాలీ ఆయిలూ కలిసి ఉండే ఎమల్షన్ రకమైతే గాలి బుడగ షాక్ బాడీ పొడవునా పైభాగంలో పరుచుకుని, పిస్టన్ సగం ఆయిల్లో సగం గాలిలో తిరుగుతుంది. బ్లాడర్ (గాలినీ ఆయిల్‌నీ వేరుచేసే రబ్బరు పొర) ఉన్న రకం తీసుకుని, నిలబెట్టి నిదానంగా గాలి తీసి నింపండి.

బెంచ్ మీద పరీక్షలు

స్ప్రింగులు తీసేసి ఆర్మ్‌ని పైకెత్తి వదలండి. షాక్ ఆయిల్ అడ్డు మాత్రమే ఉండాలి, షాక్ కూడా విప్పేస్తే ఆర్మ్ తన బరువుకే చివరిదాకా పడిపోవాలి. ఎక్కడైనా ఆగితే ఏ కీలు పట్టేస్తోందో ఒక్కోటి ఊడదీసి వెతకండి. చాలాసార్లు కొత్త బాల్ కప్ బిర్రుగా ఉండటమే కారణం, ప్లయర్‌తో కప్పుని బాల్ మీద ఉండగానే మెల్లగా నొక్కితే సర్దుకుంటుంది.

తర్వాత ప్లే పరీక్ష. షాక్ తీసేసి దాని చోట అంతే పొడవున్న గట్టి రాడ్డు బిగించండి, రెండు చివర్లా కళ్లున్న ఇనుప ముక్క అయినా చాలు. ఇప్పుడు చక్రం కదలకూడదు. యాక్సిల్ దగ్గర పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి, కదిలినదంతా ప్లేనే. మామూలు అమరికలో చక్రానికీ ఛాసీకీ మధ్య షాక్ దారిలో రెండే కీళ్లు, ఇక్కడ పుష్‌రాడ్‌కి రెండు, రాకర్‌కి ఒకటి, షాక్‌కి రెండు, మొత్తం ఐదు. అర మిల్లీమీటరు లోపు ఉంటే బావున్నట్టు. ఒక మిల్లీమీటరు దాటితే ట్రాక్ మీదికి తీసుకెళ్లకండి, షిమ్‌లు వేసి, అరిగిన కప్పులు మార్చి మళ్లీ చూడండి.

మూడోది అసలు కొలత. ఛాసీని ఒక దిమ్మ మీద కదలకుండా బిగించి, స్ప్రింగు లేకుండా చక్రం కింద 5 మి.మీ. పలకలు ఒక్కోటే చేరుస్తూ, ప్రతిసారీ షాక్ రెండు కళ్ల మధ్య దూరాన్ని కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. మొదటి 5 మి.మీ.కి షాక్ 2.8 మి.మీ. నొక్కుకుంటే అక్కడ రేషియో 0.56. తర్వాత 2.9, 3.0, 3.2 అలా పోతుంటే కొద్దికొద్దిగా గట్టిబడుతోందని అర్థం. పెరిగి పెరిగి చివర్లో అంకె హఠాత్తుగా పడిపోతే రాకర్ 90 డిగ్రీలు దాటి అవతలికి పోయింది, ల్యాండింగ్ చివర్లో మెత్తబడిపోతుంది, కోణం మార్చాల్సిందే. క్యాంబర్ లింక్ ప్రభావం వల్ల కాగితం మీద వేసిన 0.61కీ ఈ కొలతకీ కొంచెం తేడా వస్తుంది, కొలతనే నమ్మండి. ఎడమ కుడి రెండూ కొలవండి. రెండింటికీ తేడా ఉంటే కారు ఒకవైపు మలుపులో ఒకలా, ఇంకోవైపు ఇంకోలా తిరుగుతుంది.

స్ప్రింగు, ఆయిల్ ఎంచుకోవడం

టవర్ తీసేముందే పాత అమరిక రేషియో కూడా ఇలాగే కొలిచి పెట్టుకోండి. పాతది 0.5, కొత్తది 0.61 అనుకుంటే, 0.61ని 0.5తో భాగించి వర్గం చేస్తే దాదాపు 1.5. అదే చక్రం గట్టిదనం రావాలంటే పాత స్ప్రింగులో మూడింట రెండొంతులు గట్టిదనం ఉన్నది వెయ్యాలి. ఆయిల్ కూడా అంతే, అదే పిస్టన్‌తో 400 సెంటీస్టోక్ (ఆయిల్ చిక్కదనం కొలత) వాడుతుంటే 270 దగ్గర మొదలుపెట్టండి. వెయిట్ అంకెలతో ఈ లెక్క వెయ్యొద్దు, ఒక్కో కంపెనీ అంకె ఒక్కోలా ఉంటుంది, సెంటీస్టోక్ చూసుకోండి. మొదటి రోజు మూడో స్ప్రింగు పెట్టకుండానే నడపండి. పాత కారులాగే ప్రవర్తిస్తోందని తేలాకే దాన్ని చేర్చండి, లేకపోతే ఏ మార్పు ఏం చేసిందో విడదీసి చెప్పలేరు.

ట్రాక్ మీద

మూడో స్ప్రింగుతో కొన్ని ల్యాప్‌లు, తీసేసి కొన్ని, మళ్లీ పెట్టి కొన్ని, ఒకే టైర్లతో, బ్యాటరీ చార్జ్ కూడా ఒకే స్థాయిలో ఉంచి. ఆ మూడో విడత చాలా ముఖ్యం. ట్రాక్ మారుతూ ఉంటుంది, చెయ్యి కుదురుకుంటుంది, రెండే విడతలు నడిపితే రెండోది ఎప్పుడూ బాగున్నట్టే కనిపిస్తుంది. బెస్ట్ ల్యాప్ ఒక్కటే చూడకండి, అన్ని ల్యాప్‌ల మధ్య తేడా ఎంతుందో చూడండి, మంచి సస్పెన్షన్ ముందుగా అక్కడ కనబడుతుంది. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి ల్యాండింగ్‌ని పక్కనుంచి తీయండి.

వీడియోలో ముక్కు నేలకి కొట్టుకుంటుంటే మూడో స్ప్రింగు ఖాళీని 8 నుంచి 6కి తగ్గించండి, చాలకపోతే అప్పుడు గట్టి స్ప్రింగు. దిగాక ముందు భాగం బంతిలా మళ్లీ లేస్తుంటే స్ప్రింగు ఎక్కువైంది, దాన్ని అణచడానికి పక్క షాకుల ఆయిల్ తప్ప వేరే ఏదీ లేదని గుర్తుంచుకోండి, కాబట్టి ఆయిల్ చిక్కన చేసే బదులు స్ప్రింగు మెత్తన చెయ్యండి. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు ముక్కు దిగి ఒక చోట ఠక్కున ఆగినట్టయి స్టీరింగ్ మొద్దుబారితే స్ప్రింగు మరీ ముందే తగులుతోంది, ఖాళీ పెంచండి. మలుపులో కారు ఎక్కువ ఒరుగుతుంటే మూడో స్ప్రింగు జోలికే పోవద్దు, సన్నటి యాంటీ రోల్ బార్ వేసి చూడండి. గతుకుల మీద దడదడ వినిపిస్తే సెట్టింగ్ మార్చేముందు బెంచ్ మీదికి తెచ్చి ఆ గట్టి రాడ్డు మళ్లీ బిగించి ప్లే కొలవండి. కొత్త కప్పులు మొదట్లో త్వరగా వదులవుతాయి, దుమ్ము ట్రాక్ అయితే మరీనూ, కాబట్టి మొదటి కొన్ని రోజులు నడిపిన ప్రతిసారీ ఈ కొలత తీసి ఎడమ, కుడి అని విడిగా రాసుకుంటూ పోండి, ఏ వైపు కప్ ముందు మార్చాలో ఆ అంకెలే చెబుతాయి.